తడబడే అడుగును చూసి నవ్వరాదు

(ఇంట్లో, బడిలో, మక్తబ్‌లో పిల్లలకు చెప్పవలసిన పాఠం)

బడి నుంచి వచ్చిన పిల్లవాడు సంచి మూల పెట్టి, "అమ్మీ! మా క్లాసులో కొత్తగా ఒకబ్బాయి చేరాడు. కాళ్లు మెలికలు పడేటట్లు నడుస్తాడు. వాడి మాట ఎవరికీ అర్థం కాదు. నోట్లోంచి జొల్లు కారుతుంది. వాడికేమయింది?" అని అడిగాడనుకోండి. మనం ఏం జవాబు చెబుతాం?

మన ఇళ్లలో సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి. ఒకటి: "ఛీ! అలా అడగకూడదు, నోర్ముయ్." రెండోది: "పాపం! వాళ్ల అమ్మానాన్నలు ఏ పాపం చేశారో!" మూడోది: "వాడి పక్కన కూర్చోవద్దు."

ఈ మూడూ తప్పుడు జవాబులే. మొదటి జవాబుతో పిల్లవాడు అది సిగ్గుపడవలసిన విషయమని అనుకుంటాడు. రెండో జవాబుతో అల్లాహ్ పట్ల, ఒక కుటుంబం పట్ల అబద్ధం నేర్చుకుంటాడు. మూడో జవాబుతో తోటివాణ్ణి వెలివేయడం నేర్చుకుంటాడు. నిజానికి పిల్లవాడు ఎగతాళి చేయలేదు, ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు దొరక్కపోతేనే మరునాడు అది ఎగతాళిగా మారుతుంది.

ఈ పాఠం ఇప్పుడు ఎంతో అవసరం. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల కొండల పాదాన ఉన్న అహోబిలం వంటి చిన్న ఊరినే తీసుకోండి. ఇలాంటి ఊళ్లలో పిల్లలంతా ఉన్న బడిలోనే చదవాలి. ప్రత్యేక వైద్యం కావాలంటే నంద్యాలకో కర్నూలుకో ప్రయాణం కట్టాలి. అటువంటి చోట శారీరక ఇబ్బంది ఉన్న పిల్లవాడికి తన ఊరి బడే దిక్కు. అక్కడ తోటి పిల్లల నవ్వుకు భయపడి అతడు ఇంట్లో కూర్చుండిపోతే, అతడి చదువు అక్కడితో ఆగిపోయినట్లే. అంటే ఒక పిల్లవాడి భవిష్యత్తు కొంతవరకు మన పిల్లల ప్రవర్తన మీద ఆధారపడి ఉంది.

సెరిబ్రల్ పాల్సీ అంటే ఏమిటి?

పైన చెప్పిన లక్షణాలకు ఒక ముఖ్య కారణం సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో దీన్ని మస్తిష్క పక్షవాతం అంటారు. 1861లో విలియం జాన్ లిటిల్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని గురించి వివరంగా రాశాడు. అందువల్ల చాలాకాలం దీన్ని 'లిటిల్ వ్యాధి' అని పిలిచారు. వాస్తవానికి ఇది వ్యాధి కాదు. తల్లి కడుపులో ఉన్నప్పుడో, పుట్టే సమయంలోనో, పుట్టిన కొద్దికాలానికో ఎదుగుతున్న మెదడులో కదలికలను నడిపించే భాగం దెబ్బతినడం వల్ల ఏర్పడే స్థితి.

నెలలు నిండకుండా పుట్టడం, బరువు మరీ తక్కువగా ఉండటం, గర్భిణికి కొన్ని రకాల ఇన్ఫెక్షన్లు సోకడం, కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు తీవ్రమైన కామెర్లు రావడం, మెదడువాపు వంటివి ఇందుకు దారితీయవచ్చు. చాలామందిలో ఫలానాదే కారణమని తేల్చి చెప్పడం వైద్యులకు కూడా సాధ్యం కాదు.

ఈ పిల్లల్లో ఎక్కువమందికి కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. కొందరికి చేతులు, ముఖం తమ ప్రమేయం లేకుండానే కదులుతాయి. కొందరికి అడుగు నిలకడగా పడదు. జొల్లు కారడం అశుభ్రత వల్ల కాదు. పెదవులు మూయడానికి, ఉమ్మి మింగడానికి కావలసిన కండరాలు సమయానికి మాట వినకపోవడం వల్ల అలా జరుగుతుంది. ముగ్గురిలో ఒకరు నడవలేరు. నలుగురిలో ఒకరు మాట్లాడలేరు. నలుగురిలో ముగ్గురికి ఒంట్లో నొప్పి ఉంటుంది. కాబట్టి నిన్న నవ్వుతూ ఆడిన పిల్లవాడు ఈరోజు మౌనంగా ఉంటే అది కోపం అనుకోకూడదు.

మెదడులో ఏర్పడిన ఆ దెబ్బ వయసుతోపాటు పెరగదు, పూర్తిగా మాననూ మానదు. అయితే ఫిజియోథెరపీ, మాట నేర్పే చికిత్స, తగిన కుర్చీ, కాలిపట్టీలు, నడక బండి ఎంతో సహాయపడతాయి.

పిల్లవాడి భాషలో ఎలా చెప్పాలి?

ఆరేడేళ్ల పిల్లవాడికి ఇదంతా అక్కరలేదు. అతడికి తెలిసిన ఉదాహరణ చాలు.

"చూడు బేటా! మనం కొండదారిలో పోయేటప్పుడు అబ్బాతో ఫోన్లో మాట్లాడితే మాట తెగి తెగి వినిపిస్తుంది కదా! అబ్బా సరిగ్గానే మాట్లాడుతున్నారు. మధ్యలో సిగ్నల్ తెగుతోంది. మన మెదడు కూడా చేతులకు, కాళ్లకు, నాలుకకు ఇలాగే కబురు పంపుతుంది. నీ స్నేహితుడి మెదడు పంపే కబురు సరిగ్గా అందడం లేదు. అందుకే వాడి కాలు ఒకవైపు పోవాలంటే మరోవైపు పోతుంది. వాడు కావాలని అలా చేయడం లేదు. ఫోన్లో మాట తెగితే నువ్వు నవ్వుతావా? మళ్లీ చెప్పమని అడుగుతావు. వాడి దగ్గర కూడా అలాగే చెయ్యి."

ఆ తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. పిల్లవాడి రెండు చేతులకూ మందపాటి సాక్సులు తొడిగి చొక్కా గుండీలు పెట్టుకోమనండి. అలవాటు లేని చేత్తో పేరు రాయమనండి. పక్కన నిలబడి "తొందరగా! తొందరగా!" అని అరవండి. రెండు నిమిషాల్లో అతడికి విసుగు వస్తుంది. అప్పుడు చెప్పండి: "నువ్వు సాక్సులు తీసేయగలవు. నీ స్నేహితుడు తీసేయలేడు."

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు గాభరాపడినప్పుడు, ఉలిక్కిపడినప్పుడు కండరాలు మరింత బిగుసుకుంటాయి, అక్కరలేని కదలికలు ఎక్కువవుతాయి. అంటే క్లాసంతా నవ్వినప్పుడు ఆ పిల్లవాడి మనసు మాత్రమే నొచ్చుకోదు, అతడి నాలుక, చేయి, కాలు కూడా అప్పటికప్పుడు మొండికేస్తాయి. ఎదుటివాళ్లు ఓపికగా నిలబడితే అదే ఒళ్లు కాస్త సడలుతుంది, అదే మాట బయటికి వస్తుంది. కాబట్టి మన పిల్లల ఓపిక ఆ పిల్లవాడికి ఒక విధంగా చికిత్స వంటిది. ఈ ఒక్క విషయం అర్థమైతే పిల్లలు తమంతట తామే నవ్వు ఆపుకుంటారు.

పెద్దల్లో ఉన్న అపోహలు

పిల్లలకు చెప్పేముందు మన మనసులోని అపోహలు పోవాలి.

కొందరు దీన్ని అంటువ్యాధి అనుకుంటారు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా, చేయి పట్టుకున్నా ఇది అంటుకోదు.

మరికొందరు గర్భిణి గ్రహణం చూసిందని, దిష్టి తగిలిందని, గాలి సోకిందని అంటారు. మహాప్రవక్త ముహమ్మద్ (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే చనిపోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం వచ్చిందని ప్రజలు చెప్పుకోసాగారు. దైవప్రవక్త (స) అంతటి దుఃఖంలో కూడా ఆ మాటను ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని బోధించారు. ఈ సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. అలాంటి ప్రవక్త అనుచర సమాజంలో ఒక బిడ్డ స్థితికి గ్రహణాన్ని కారణంగా చెప్పడం ఎంత విచారకరం!

ఇంకా కొందరు తల్లిదండ్రుల పాపఫలం అంటారు. ఒకరి బరువును మరొకరు మోయరని దివ్య ఖుర్‌ఆన్ పలుచోట్ల స్పష్టం చేసింది. తల్లిదండ్రుల తప్పుకు పసిబిడ్డను శిక్షించడం అల్లాహ్ న్యాయం కాదు. ఆ మాట అనే వారికి అది ఒక క్షణంలో జారిపోయే మాట. వినే తల్లికి మాత్రం జీవితమంతా గుచ్చుకునే ముల్లు. ఎందరో తల్లులు బిడ్డను ఇంట్లోనే దాచుకోవడానికి ఇలాంటి మాటలే కారణం.

తెలివి లేదనుకోవడం మరో అపోహ. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో సుమారు సగం మందికి బుద్ధిమాంద్యం ఉండదు. మాట రానంత మాత్రాన ఆలోచన లేదని కాదు. అయితే మిగతా సగం మంది సంగతి? వారిని ఎగతాళి చేయవచ్చా? ఎంతమాత్రం చేయరాదు. తెలివి ఉంది కాబట్టి గౌరవించాలి అని పిల్లలకు నేర్పితే, తెలివి తక్కువైన వారిని చిన్నచూపు చూడవచ్చని నేర్పినట్లవుతుంది. అల్లాహ్ సృష్టించిన మనిషి కాబట్టి గౌరవించాలి. నేర్పవలసింది ఇదే.

సన్నని కాళ్లను చూసి నవ్వినప్పుడు

హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) గొప్ప పండితుడైన సహాబీ. ఆయన కాళ్లు చాలా సన్నగా ఉండేవి. ఒకసారి ఆయన మిస్వాక్ కోసం చెట్టు ఎక్కగా గాలికి ఆ కాళ్లు బయటపడ్డాయి. చూసినవారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగారు. ఆయన కాళ్లు సన్నగా ఉన్నాయని వారు చెప్పారు. అల్లాహ్ త్రాసులో ఆ కాళ్లు ఉహుద్ కొండ కన్నా బరువైనవని దైవప్రవక్త (స) ప్రమాణం చేసి తెలియజేశారు. ముస్నద్ అహ్మద్‌లో నమోదైన సంఘటన ఇది.

నవ్వినవారు చెడ్డవారు కారు, సహాబాలే. అంటే మంచివారికి కూడా నవ్వు జారవచ్చు. కాబట్టి మన పిల్లవాడు నవ్వినంత మాత్రాన చెంప పగలగొట్టనక్కర లేదు. దైవప్రవక్త (స) పద్ధతి చూడండి. ముందు ఎందుకు నవ్వుతున్నారని అడిగారు, తర్వాత వారి చూపును మార్చారు.

అబస సూరా ప్రారంభం కూడా ప్రతి ఉపాధ్యాయుడూ గుర్తుంచుకోదగినది. ఖురైషు పెద్దలకు సందేశం అందజేసే పనిలో ఉండగా అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ముఖాన కొద్దిపాటి అయిష్టత కనిపించింది. దానిపై అల్లాహ్ హెచ్చరిక అవతరించింది. చూడలేని మనిషి ముందు ముఖం చిట్లించడమే అల్లాహ్ వద్ద అంతటి విషయమైతే, మన ముఖకవళికలన్నీ చూడగలిగిన పిల్లవాడి ముందు మనం ఎలా ఉండాలి? ఆ తర్వాత దైవప్రవక్త (స) ఆ సహాబీని ఎంతగానో ఆదరించారు. తాను ప్రయాణాల్లో ఉన్నప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యతను కూడా ఆయనకు అప్పగించారు. జాలి చూపడంతో ఆగక బాధ్యత అప్పగించడం ఇక్కడి పాఠం.

మాట తడబడే పిల్లవాడి విషయంలో హజ్రత్ మూసా (అ) గాథ చెప్పాలి. తన నాలుక ముడి విప్పమని, సోదరుడు హారూన్ (అ)ను తోడుగా ఇమ్మని ఆయన వేడుకున్న సంగతి తాహా సూరాలో ఉంది. మాట కష్టమైన వ్యక్తినే అల్లాహ్ ఫిరౌన్ ముందు మాట్లాడటానికి ఎన్నుకున్నాడు. "నువ్వు నీ స్నేహితుడికి హారూన్ లాంటి తోడుగా ఉంటావా?" అని అడిగితే పిల్లవాడి ముఖం వెలిగిపోతుంది.

బడిలో, మక్తబ్‌లో పాటించవలసినవి

1. క్లాసులో ఆ పిల్లవాడి గురించి చెప్పేముందు అతణ్ణీ, అతడి తల్లిదండ్రులనూ అడగాలి. ఏం చెప్పాలో, అతడు క్లాసులో ఉన్నప్పుడే చెప్పాలో లేదో వారే నిర్ణయించాలి. కొందరు తామే చెప్పుకోవాలనుకుంటారు.

2. అతణ్ణి పేరుతోనే పిలవాలి. 'కుంటోడు', 'వంకరోడు' వంటి పిలుపులను ఆటకైనా ఒప్పుకోరాదు. ఎగతాళినీ, చెడ్డ పేర్లు పెట్టి పిలవడాన్నీ హుజురాత్ సూరా 11వ ఆయతు నిషేధించింది.

3. సహాయం చేసేముందు "చేయి ఇవ్వనా?" అని అడగాలి. చెప్పకుండా వెనుక నుంచి పట్టుకుంటే ఉలిక్కిపడి పడిపోవచ్చు. చక్రాల కుర్చీ అతడి ఒంటిలో భాగం వంటిది. అడగకుండా దాన్ని తోయడం, దానితో ఆడటం తగదు.

4. అతడు మాట్లాడుతుంటే చివరిదాకా వినాలి. మధ్యలో అందుకుని మనమే వాక్యం పూర్తిచేయరాదు. అర్థం కాకపోతే అయినట్లు నటించకుండా మళ్లీ అడగాలి. "అవునా, కాదా" అని జవాబు చెప్పగలిగేలా అడిగితే అతడికి తేలిక.

5. మధ్యాహ్న భోజనం వేళ అతణ్ణి విడిగా కూర్చోబెట్టరాదు. అంధులు, కుంటివారు, రోగులు అందరితో కలిసి తినడంలో తప్పు లేదని నూర్ సూరా 61వ ఆయతు తెలియజేస్తోంది. అన్నం కింద పడితే ఎత్తిపెట్టవచ్చు, మాట అనకూడదు.

6. ఆటలో చోటివ్వాలి. క్రికెట్‌లో అతడు బ్యాటు పట్టుకుంటే మరొకరు పరుగెత్తవచ్చు. అంపైరు కావచ్చు, లెక్క రాయించవచ్చు. ప్రతిరోజూ అతణ్ణి సంచులకు కాపలా పెట్టి మనం ఆడుకోవడం న్యాయం కాదు.

7. మక్తబ్‌లో ఖుర్‌ఆన్ చదివేటప్పుడు అతడు ఒక్కో అక్షరానికీ కష్టపడితే ఉస్తాద్ తొందరపెట్టరాదు. తడబడుతూ కష్టపడి చదివేవారికి రెండు ప్రతిఫలాలు ఉన్నాయని బుఖారీ, ముస్లిం హదీసులు శుభవార్త ఇస్తున్నాయి. గడగడా చదివే పిల్లలకు ఈ హదీసు ముందే చెప్పి ఉంచాలి.

8. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చు. దైవప్రవక్త (స) ఇచ్చిన అనుమతి అది. కాబట్టి మస్జిదు వరుసలో అతడి కుర్చీకి చోటు ఉండాలి. మెట్ల పక్కన ఒక వాలుదారి కట్టించడం మస్జిదు కమిటీకి పెద్ద ఖర్చు కాదు.

9. ఈ పిల్లల్లో నలుగురిలో ఒకరికి మూర్ఛ ఉంటుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టరాదు. నోట్లో ఏదీ కుక్కరాదు, గట్టిగా అదిమి పట్టరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. పిల్లలు పెద్దవారిని పిలిస్తే చాలు.

జాలి చూపు వద్దు

ఎగతాళి మానిపించే తొందరలో పిల్లలకు జాలి నేర్పుతుంటాం. అదీ సరికాదు. ఎగువ అహోబిలంలో కొండ మీది గుళ్లకు నడవలేని యాత్రికులను డోలీలో మోసుకుపోవడం ఆ ప్రాంతంవారు చూస్తూనే ఉంటారు. డోలీ ఎక్కినవారిని చూసి ఎవరూ నవ్వరు. మక్కాలో చక్రాల కుర్చీలో తవాఫ్ చేసే హాజీలను చూసి కూడా ఎవరూ నవ్వరు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అనారోగ్యంతో ఉన్నప్పుడు వాహనం మీద కూర్చుని తవాఫ్ చేశారు. పెద్దవారికి కాళ్లు సహకరించకపోతే మరో దారి చూపడం మనకు తెలుసు. అదే మర్యాద పదేళ్ల పిల్లవాడి కుర్చీకి ఎందుకు ఇవ్వం?

ఈ పాఠం చిన్నప్పుడు అందకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. కోల్‌కతాకు చెందిన జీజా ఘోష్ సెరిబ్రల్ పాల్సీతోనే చదువుకుని, వికలాంగుల హక్కుల కోసం పనిచేస్తున్న మహిళ. 2012 ఫిబ్రవరిలో గోవాలో జరిగే ఒక సదస్సుకు వెళ్లడానికి ఆమె విమానం ఎక్కి కూర్చున్నారు. సిబ్బంది ఆమె స్థితిని చూసి విమానం నుంచి దింపేశారు. 2016 మేలో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆమెను దింపినవారు చదువు రానివారు కారు. వారూ ఒకప్పుడు ఏదో బడిలో బెంచీల మీద కూర్చున్న పిల్లలే. బడిలో రెండు నిమిషాల్లో చెప్పగలిగిన విషయం చెప్పేవారు లేకపోతే, తర్వాత దాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వస్తుంది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన హక్కులు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సెరిబ్రల్ పాల్సీ వాటిలో ఉంది. ఈ చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. వైకల్యం పేరు చెప్పి బడిలో చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం.

ఆంధ్రప్రదేశ్‌లో మండల స్థాయిలో 'భవిత' కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు ఈ పిల్లలకు చదువులో సహాయపడతారు, ఫిజియోథెరపీ కూడా ఏర్పాటు చేస్తారు. మీ వీధిలో ఇంట్లోనే ఉండిపోయిన బిడ్డ ఉంటే, వాళ్లు ఏ మతంవారైనా సరే, ఈ సమాచారం చేరవేయండి. పొరుగువారి హక్కు ఇదే.

ఇంటి నుంచే మొదలు

ప్రియ పాఠకులారా! బడిలో ఎంత చెప్పినా పిల్లవాడు చివరికి మన నోటి మాటనే అనుకరిస్తాడు. కోపంలో "అవిటోడా", "పిచ్చోడా" అని మనం తిడుతుంటే, పాఠం చెప్పి ప్రయోజనం లేదు. పెళ్లికీ పండుగకూ వచ్చిన అలాంటి బిడ్డను మనం దగ్గరకు తీసుకుని సలాం చెప్పి, అతడు జవాబు చెప్పేదాకా ఓపికగా నిలబడితే మన పిల్లలు చూస్తారు. చూసినదే నేర్చుకుంటారు. ఈ ఈద్ నాడు ఆ స్నేహితుణ్ణి ఇంటికి పిలవండి. అతడికి ఏం తినడం తేలికో వాళ్ల అమ్మను ముందే అడిగి తెలుసుకోండి.

పిల్లల్ని అడగండి

1. నీ స్నేహితుడి కాలు అలా ఎందుకు కదులుతుంది? నీ మాటల్లో చెప్పు.
2. మనం నవ్వినప్పుడు అతడి కండరాలు ఏమవుతాయి?
3. అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) కాళ్ల గురించి దైవప్రవక్త (స) ఏం చెప్పారు?
4. చక్రాల కుర్చీని ముట్టుకునేముందు ఏం చేయాలి?
5. రేపు ఆటలో అతడికి ఏ బాధ్యత ఇస్తావు?

మన పిల్లల చూపులో దయనూ, మాటలో మర్యాదనూ, నడకలో తోటివాడి కోసం ఆగే ఓర్పునూ అల్లాహ్ ప్రసాదించుగాక! శారీరక ఇబ్బందులున్న బిడ్డలకూ, వారిని మోస్తున్న తల్లిదండ్రులకూ సులభం చేయుగాక! ఆమీన్.